మెడలోతు ఇసుకలో పెళ్లిమాటలు

ఆ శనివారం ముబెర్రా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి భర్తను పాతిపెట్టాలి, ముప్పావుగంట తర్వాత తవ్వి తీయాలి, ఆ మధ్యలో ఇల్లు కడిగేయాలి.

కుమ్‌బుజాక్‌లో ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. జూలై వచ్చిందంటే కీళ్లనొప్పుల వాళ్లను సముద్రపు ఒడ్డున వేడి ఇసుకలో మెడదాకా కప్పెట్టడం ఆ ఊరికి తాతలనాటి వైద్యం. "మీ ఆయన్ని పాతేశారా?" "ఎక్కడ, ఇంకా మా అత్తనే పాతలేదు" అని ఆడవాళ్లు రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి కూరగాయల ధర చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు.

ముబెర్రా భర్త నఫీజ్ పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైన మనిషి. కూర్చోవడం అలవాటై మోకాళ్లు లేవడం మరిచిపోయాయి. ఆ రోజు మాత్రం ఆ మోకాళ్లతో పనుంది. మధ్యాహ్నం మూడింటికి కూతురు నిల్గూన్‌ను అడగడానికి దెనిజ్లి పట్నం నుంచి మగపెళ్లివారు వస్తున్నారు. వాళ్లొస్తే లేవాలి, కూర్చోమని కూర్చోవాలి, కాఫీ రాగానే మళ్లీ కదలాలి.

అసలు చిక్కు మోకాళ్లతో కాదు, నోటితో. పిల్లనడిగిన మొదటిసారే ఒప్పుకుంటే పరువు తక్కువని నఫీజ్ నమ్మకం. "ఆలోచించి చెబుతాం" అంటాడు. మర్యాదకు అని ఊరుకోడు, నిజంగానే ఆలోచిస్తాడు. మొదటి సంబంధం వాళ్లు మూడుసార్లు తిరిగి, నాలుగోసారి పక్కవీధిలో పిల్లను అడిగి వెళ్లిపోయారు. రెండో అబ్బాయికి నఫీజ్ బాగా ఆలోచించి "సరే" అని రిజిస్టర్డ్ ఉత్తరం రాసేసరికి ఆ అబ్బాయి కొడుక్కి పళ్లొస్తున్నాయి.

ఈ మూడో అబ్బాయి తారిక్ సరుకుల ఓడలో ఇంజనీరు. తల్లీ తండ్రీ లేరు, బాబాయి షాకిర్ పెంచాడు. సోమవారం ఓడెక్కితే మళ్లీ మార్చికి గానీ నేల తొక్కడు. నిల్గూన్ ఈ అబ్బాయిని తనే చూసుకుంది, తనే నచ్చుకుంది. నఫీజ్ ఇంతవరకూ చూడలేదు.

"అమ్మా, నాన్న ఈసారి కూడా ఆలోచనలో పడితే నేను ఆ ఓడలో దాక్కుని పోతా," అంది నిల్గూన్ పొద్దున్నే.

"దాక్కోవడం ఎందుకు, చక్కగా కూర్చునే పో. ముందు ఆ పార పట్టుకో," అంది ముబెర్రా.

వాళ్ల తీరం మధ్యధరా మొత్తంలో మనుషులు పాడుచేయకుండా మిగిలిన కొద్ది తీరాల్లో ఒకటని బయటివాళ్లు అంటారు. ఊరివాళ్లకు తెలిసిందల్లా అక్కడ ఏదీ చేయకూడదని. తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి గొడుగు గుచ్చకూడదు, కుర్చీ లాగకూడదు, బండి తేకూడదు. పాత నగరం ఇసుక కింద ఉంది కాబట్టి గుంట తీయకూడదు. ఇన్ని కూడదుల మధ్య, తలుపు విరిగిన రాతి సమాధి పక్కన, కీళ్లనొప్పుల కోసం ఊరికి వదిలేసిన జానెడు జాగా ఒకటుంది.

"అటు కాదు, కాస్త ఇటు," అన్నాడు నఫీజ్ పడుకుంటూ. "నా కుడి మోకాలికి సముద్రం వైపు వేడి కావాలి."

"ఉండు, నీ మోకాలి కోసం సముద్రాన్ని జరుపుతాను," అంటూ ముబెర్రా చకచకా ఇసుక కప్పేసింది. తల కింద మడిచిన తువ్వాలు, నుదుటి మీద తడిగుడ్డ పెట్టింది. గొడుగు గుచ్చకూడదు కనుక చేత్తో పట్టుకోమని నిల్గూన్‌ను కూర్చోబెట్టి, తను ఇంటికి పరుగెత్తి, తివాచీలు పెరట్లో పరిచి, సబ్బునీళ్లు గుమ్మరించి, గొంతెత్తి పాట మొదలుపెట్టింది. నఫీజ్ ఇంట్లో ఉన్న రోజున ఏ తివాచీ ఎత్తినా దాని మీద నఫీజ్ ఉంటాడు. అందుకే ఆ పాటలో అంత హుషారు.

ముందుగదిలో ఫోను మోగింది. నఫీజ్ అక్క జెకియే ఎత్తింది. ఆమెకు ఒక చెవి బాగా వినిపిస్తుంది. ఫోను ఎప్పుడూ రెండోదానికి పెట్టుకుంటుంది.

"అక్కయ్యగారూ, నేను షాకిర్‌ని, అబ్బాయి బాబాయిని. నిన్నే బయలుదేరి దారిలో చుట్టాలింట్లో ఆగాం. నఫీజ్ గారు ఉన్నారా?"

"నఫీజా? లేడు నాయనా. పొద్దున్నే పాతిపెట్టేశాం."

అవతల షాకిర్ లేచి నిలబడ్డాడు.

"ఏమిటండీ ఇది? మాకు తెలియనే తెలియదు. ఎప్పుడు?"

"తొమ్మిదింటికి. ఎండ ముదరకముందే కానిచ్చేయాలి కదా."

"బాధేమైనా పడ్డారా?"

"ఏం బాధ? కబుర్లు చెప్పుకుంటూ వెళ్లాడు. అటు కాదు, ఇటు అని చోటు కూడా తనే చూపించాడు. ఇన్నేళ్ల నొప్పులకి ఇదొక్కటే మందు అనేవాడు, పాపం."

"ముబెర్రా గారు ఎలా ఉన్నారు?"

"దానికేం, పాతేసి వచ్చిన దగ్గర్నుంచి పాటలు పాడుకుంటూ ఇల్లు కడుగుతోంది. వాడుంటే కాళ్లకి అడ్డం కదా."

"ఇలాంటప్పుడు మేం రావచ్చా?"

"రాకపోతే ఎలా? ద్రాక్షాకుల్లో అన్నం కూరి దోల్మాలు రెండు వందలు చుట్టాం. వాటిని తినేవాడు చూస్తే ఇసుకలో ఉన్నాడు."

షాకిర్ ఫోను పెట్టేసి, పెళ్లిమాటల కోసం తెచ్చిన, వెండి పళ్లెంలో ఎర్రరిబ్బను కట్టిన చాక్లెట్లను తీసుకెళ్లి కారు డిక్కీలో దుప్పటి కింద దాచాడు. ముదురు రంగు కోటు వేసుకున్నాడు. తారిక్ గులాబీల గుత్తి చేత్తో పట్టుకుని అర్థం కాక చూస్తున్నాడు.

"ఆయన పోయారురా. అప్పుడే మట్టి కూడా చేసేశారట. ఆవిడకి మతి చలించింది, పాటలు పాడుతోందట. ఇక నలభై రోజులు పెళ్లి మాటెత్తకూడదు."

"నలభై రోజులకి నేను నడిసముద్రంలో ఉంటాను బాబాయ్."

"మనం పరామర్శకి వెళుతున్నాంరా. నీ సముద్రం సంగతి తర్వాత."

పరామర్శకు ఉత్త చేతులతో వెళ్లడం వాళ్ల వంశంలో లేదు. దారిలో బేకరీ దగ్గర ఆగి, చావింట పొయ్యి వెలగదు కనుక నలభై మాంసం రొట్టెలు, నలభై గ్లాసుల మజ్జిగ కట్టించాడు. పక్క ఊరి పూలకొట్టుకు ఫోన్ చేసి, మనిషెత్తు పూలచక్రం ఒకటి వెంటనే ఆ ఇంటికి పంపమన్నాడు.

ఇదే సమయానికి తీరంలో యెలిజ్ అనే అమ్మాయి ఇసుక మీద బోర్లా పడుకుని నఫీజ్ పాదాల వైపు చూస్తోంది. తాబేళ్లను కాపాడే బృందంలో ఆమె కొత్తగా చేరిన విద్యార్థిని. ఆకుపచ్చ చొక్కా, మెడలో ఈల, చేతిలో టేపు. సముద్రం నుంచి పాకుతూ వచ్చిన వెడల్పాటి జాడ ఒకటి నఫీజ్ కాళ్ల దగ్గర ఇసుక దిబ్బ వెనక్కి వెళ్లి, వంపు తిరిగి మళ్లీ నీళ్లలోకి పోయింది. పొద్దుటి తొందరలో తల్లీకూతుళ్లు అటువైపు చూడనేలేదు.

"బాబాయ్, దయచేసి కదలకండి," అంది యెలిజ్. "మీ కుడి బొటనవేలి దగ్గర ఎనభై గుడ్లదాకా ఉండి ఉండొచ్చు."

"ఉంటే ఉండనీ అమ్మా. నా టైమైపోయింది, లేస్తాను."

"లేవకూడదు. ఇసుక జారితే గుడ్లు దెబ్బతింటాయి. మా ప్రొఫెసర్ గారికి ఫొటోలు పంపాను. ఆయన వచ్చి చూసేదాకా మిమ్మల్ని తవ్వడానికి వీల్లేదు."

"ఎక్కడున్నాడు మీ ప్రొఫెసర్?"

"తీరం ఆ చివర. పన్నెండు కిలోమీటర్లు. నడిచి రావాలి, ఇక్కడ బండి తిరగకూడదు కదా."

నిజానికి అంతటితో ఆగేది. శిథిలాల కాపలాదారు దుర్ముష్ అటుగా రావడం, ఎనభై గుడ్లు తన కాళ్ల దగ్గరున్నాయన్న హోదా నఫీజ్ తలకెక్కడం ఒకేసారి జరిగాయి.

"దుర్ముష్, నువ్వు ఇరవై ఏళ్లుగా కాపలా కాస్తున్నావు, ఒక్క పెంకైనా దొరికిందా?" అన్నాడు నఫీజ్. "నేను గంటసేపు పడుకున్నాను. నా ఎడమ మడమ కింద చెక్కిన రాయి తగులుతోంది. అక్షరాలు కూడా ఉన్నట్టున్నాయి. ఏ రాజుగారిదో."

దుర్ముష్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ మాట కోసమే అతను బతుకుతున్నాడు. "అయితే ఇక్కడ పార ముట్టుకోకూడదు నఫీజ్ అన్నా. తీస్తే చేత్తో తీయాలి, బ్రష్షుతో ఊడ్చాలి."

"చేత్తో కూడా తీయకూడదు," అంది యెలిజ్.

"మరి నన్నెలా తీస్తారు?" అన్నాడు నఫీజ్.

తాబేళ్ల శాఖ శిథిలాల శాఖ వైపు, శిథిలాల శాఖ తాబేళ్ల శాఖ వైపు వేలు చూపించాయి. నిల్గూన్ తల్లికి ఫోన్ చేసింది. ముబెర్రా తడి గౌనుతోనే పరుగెత్తుకు వచ్చింది. పరిస్థితి విని భర్త వైపు చూసింది.

"మడమ కింద రాయి ఉంటే నోరు మూసుకుని ఉండలేవూ? పోస్టాఫీసులో ఎన్ని ఉత్తరాలు చదివి ఎవరికీ చెప్పకుండా ఉన్నావు."

"చెప్పకుండా ఉండబట్టేనే మోకాళ్లు ఇలా అయ్యాయి."

అంతలో నిల్గూన్ ఫోను మోగింది. తారిక్. ఆ దిబ్బల మధ్య మాట మూడు ముక్కలకు ఒక ముక్క గానీ అందదు. అవతల కారులో తారిక్‌కు చేరిన ముక్కలు ఇవి: "నాన్న... ఇసుకలోనే... పాత సమాధి పక్కన... బయటకి తీద్దామంటే... గవర్నమెంటు వాళ్లు ఒప్పుకోవడం లేదు... కదిలిస్తే పగులుతాయట..."

తారిక్ ఫోను దించాడు. "బాబాయ్, ఆయన్ని తప్పు చోట పూడ్చారట. మళ్లీ తీయాలంటే గవర్నమెంటు అడ్డుపడుతోందట."

"ఎవరి సమాధిలో పెట్టారో ఏమో," అన్నాడు షాకిర్. "ఆవిడ పాటలు పాడుతూ పూడిస్తే ఇలాగే ఉంటుంది. తొందరగా పోనీ."

వాళ్లు ఇంటికి చేరేసరికి పూలచక్రం గుమ్మానికి ఆనించి ఉంది. దాని మీద నల్లటి పట్టీ, పట్టీ మీద బంగారు అక్షరాలతో "మీరు లేని లోటు తీరనిది, షాకిర్ కుటుంబం" అని రాసి ఉంది. జెకియే కళ్లజోడు తివాచీలతో పాటు ఎటో పోయింది. ఆమె పూలపూల గౌను తొడుక్కుని, పెదాలకు రంగేసుకుని, ఆ చక్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, దారినపోయే వాళ్లందరికీ గర్వంగా చూపిస్తోంది.

"పూలంటే ఇవీ పూలు," అంది షాకిర్‌ను చూడగానే. "వెనకటి సంబంధం వాళ్లు అరచేయంత తెచ్చారు. మా నఫీజ్ చూస్తే ఎంత సంతోషిస్తాడో."

షాకిర్ తల వంచుకుని ఆమె చేయి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లకు మతి చలించడం ఆయనకు భరించరానిదిగా ఉంది. "ఆయన దగ్గరకి వెళ్లొస్తాం అక్కయ్యగారూ."

"వెళ్లండి, అందరూ అక్కడే ఉన్నారు. రెండు మంచిమాటలు చెప్పండి, ఊరికే పడుకుని విసుగెత్తి ఉంటాడు."

తీరంలో అప్పటికి ఊరు సగం చేరింది. నఫీజ్ చుట్టూ యెలిజ్ పుల్లలు పాతి తాడు కట్టింది. దాని బయట దుర్ముష్ ఇంకో తాడు కట్టాడు. యెలిజ్ చేతులు రెండూ ముళ్లు వేయడంలో ఉండగా ఇసుక మీద పెట్టిన ఆమె ఫోను మోగింది. "కాస్త ఎత్తవా పిన్నీ," అంటే ముబెర్రా ఎత్తి, నాలుగడుగులు పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చి, "ప్రొఫెసర్ బయలుదేరాడట," అని చెప్పి, నఫీజ్ నోటికి గొట్టంతో మజ్జిగ అందించింది.

షాకిర్, తారిక్ దిబ్బ దిగి వచ్చారు. వాళ్లకు కనిపించిందల్లా గుండ్రంగా నిలబడ్డ జనం వీపులు, మధ్యలో గొడుగు, పక్కన రాతి సమాధి. షాకిర్ వీపుల వెనకే ఆగి, అరచేతులు పైకెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన అయ్యాక, వచ్చినందుకు నాలుగు మాటలు చెప్పడం ధర్మం అనుకున్నాడు.

"నఫీజ్ గారిని నేను చూడలేకపోయాను. కానీ ఆయన ఎలాంటి మనిషో ఈ జనాన్ని చూస్తే తెలుస్తోంది. తొందరపడి మాట ఇచ్చేవారు కారు. ఒక్క ఉత్తరం పోనివ్వలేదు. అలాంటి పెద్దమనిషి ఈ లోకంలో ఇక..."

జనం పక్కకు జరిగారు. షాకిర్ కళ్లు దించాడు. ఇసుక మీద నుంచి ఒక తల, నుదుట తడిగుడ్డతో, మూతి మీద మజ్జిగ మీసంతో ఆయన్నే చూస్తోంది.

"ఆమీన్," అంది తల. "బాగా చెబుతున్నారు. ఆ ఉత్తరాల సంగతి కాస్త గట్టిగా చెప్పండి, దుర్ముష్‌కి వినపడలేదు."

షాకిర్ కాళ్లు మడతపడి కూలబడబోయాడు.

"అక్కడ కూర్చోకండి, గుడ్లున్నాయి," అంది యెలిజ్.

ఆయన కూలబడటం మధ్యలో ఆపి, ఇంకోవైపు తిరిగి కూలబడ్డాడు. జెకియే ఫోనులో ఏం చెప్పిందో, వీళ్లకు ఏం వినపడిందో తేల్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది. తారిక్ ఈలోగా నిల్గూన్ చేతిలోంచి గొడుగు తీసుకుని తను పట్టుకున్నాడు. ఊరి జనం నలభై రొట్టెలూ పంచుకుని, ఇసుకలో ఉన్న పెద్దమనిషి ఆయురారోగ్యాల కోసం తిన్నారు.

ముబెర్రా చేతులు దులుపుకుంది. "వచ్చినవాళ్లు వచ్చారు, పెద్దవాళ్లు ఉన్నారు, ఊరంతా సాక్ష్యం ఉంది. మూడింటి దాకా ఎందుకు? అడగండి షాకిర్ గారూ."

"ఇక్కడా?" అన్నాడు షాకిర్.

"ఇంటికెళదామంటే ఇంటిపెద్ద రాలేడు కదా."

షాకిర్ కోటు గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, తల వైపు వంగాడు. "దేవుడి ఆజ్ఞతో, ప్రవక్త మాట మీద, మీ అమ్మాయి నిల్గూన్‌ని మా తారిక్‌కి అడుగుతున్నాం."

నఫీజ్ ఆకాశంకేసి చూశాడు. నిల్గూన్ తల్లి చేయి పట్టుకుంది. అందరికీ ఆ మాట తెలుసు.

"ఆలోచించి చె..." అని నఫీజ్ మొదలుపెట్టాడు. అప్పుడే ఈగ ఒకటి వచ్చి ఆయన ముక్కు కొన మీద వాలింది.

ఆయన మూతి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పైకి ఊదాడు. ఈగ నుదుటిదాకా షికారు వెళ్లి తిరిగి ముక్కుకే వచ్చింది. చేతులు రెండూ రెండు శాఖల అధీనంలో ఉన్నాయి.

"ముబెర్రా, ముక్కు."

"ముక్కుకేమైంది? ముందు ఆయనకి జవాబు చెప్పు."

"దురద పెడుతోందే."

"పెట్టనీ. మనం కూడా ఆలోచించి గోకుదాం."

జనంలో ఎవరో నవ్వారు. దుర్ముష్ సాయం చేయబోతే ముబెర్రా కళ్లతోనే ఆపేసింది. నఫీజ్ ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పరువు పరువే. పళ్లు బిగించి ఊరుకున్నాడు. ఇంకో గంటసేపైనా అలాగే ఉండేవాడే. అలా ఉండగలడని భార్యకూ తెలుసు, కూతురికీ తెలుసు. నిల్గూన్ ముఖం పక్కకు తిప్పేసుకుంది.

తారిక్ గొడుగును నిల్గూన్‌కు ఇచ్చాడు. తాళ్లు రెండూ తగలకుండా ఇసుక మీద పొట్ట ఆనించి పాకుతూ వెళ్లి, జేబురుమాలు తీసి, ముందు మజ్జిగ మీసం తుడిచాడు. ఈగను తోలాడు. చూపుడువేలితో ముక్కు మీద మెల్లగా గోకాడు.

"కొంచెం ఎడమకి," అన్నాడు నఫీజ్, కళ్లు మూసుకుని.

"ఇక్కడా?"

"ఇంకాస్త కింద. ఆ. అక్కడే."

"గోళ్లు తగులుతున్నాయా?"

"లేదు. నువ్వు ఓడలో చేసేదేమిటి అబ్బాయ్?"

"ఇంజను చూసుకుంటానండీ. రాత్రీ పగలూ దాని పక్కనే. అది ఎక్కడ మూలుగుతోందో చెప్పదు. మనమే కనిపెట్టాలి."

నఫీజ్ చాలాసేపు కళ్లు తెరవలేదు. ముప్పై ఏళ్ల పోస్టాఫీసులో, ముప్పై రెండేళ్ల కాపురంలో అడగకుండా తన ముక్కు సంగతి పట్టించుకున్న మనిషి ఇప్పటిదాకా తగల్లేదు. కళ్లు తెరిచి షాకిర్‌ను చూశాడు.

"ఇచ్చాను," అన్నాడు. "మళ్లీ చెప్పమంటే మళ్లీ చెబుతాను. పిల్లని ఇచ్చాను."

జనం చప్పట్లు కొట్టబోతే యెలిజ్ ఈల ఊది, గుడ్లు అదురుతాయని ఆపింది. అందుకని అందరూ నిశ్శబ్దంగా చేతులూపారు. డిక్కీలోంచి చాక్లెట్లు వచ్చాయి. ఒకటి నఫీజ్ నోట్లో కూడా తారిక్కే పెట్టాడు. నిల్గూన్ గొడుగు చాటున ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది.

ప్రొఫెసర్ ఆ చాక్లెట్లు చివరికొచ్చేసరికి వచ్చాడు. బక్కపలచటి మనిషి, చెమటతో తడిసి ఉన్నాడు. తాళ్లను చూశాడు, జనాన్ని చూశాడు, తలను చూశాడు.

"ఈయన్ని ఇంకా తీయలేదా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మీరు వచ్చి చూడాలి కదండీ," అంది యెలిజ్.

"దారిలో మీ ఫొటోలు తెరిచి చూడగానే చెప్పాను కదమ్మా. తాబేలు వచ్చింది, చోటు నచ్చక గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయింది. ఇక్కడ గూడు లేదు, నిర్భయంగా తవ్వేసుకోండి అని అరగంట కిందటే ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తారు. అంతా శ్రద్ధగా విన్నారు, నాకు థాంక్స్ కూడా చెప్పారు."

దుర్ముష్ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడి, బ్రష్షుతో ఊడ్చాడు. మడమ కింద రాజుగారి రాయి బయటపడింది. నిరుడు ఎవరో కట్టి, అధికారులు పగలగొట్టించిన టీ దుకాణం తాలూకు సిమెంటు గడప అది. దాని మీద అక్షరాలు నిజంగానే ఉన్నాయి: "చెప్పులు బయట విడవండి."

తారిక్, షాకిర్ చెరో రెక్కా పట్టి లేపారు. నఫీజ్ ఇసుక రాలుస్తూ నిలబడి, భార్య వైపు తిరిగాడు.

"అరగంట," అన్నాడు. "అరగంట ముందే తెలుసు నీకు. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"గాలి హోరులో ఆయన చెప్పిందేమీ సరిగ్గా వినపడలేదు నఫీజ్," అంది ముబెర్రా గొడుగు ముడుస్తూ.

ఆ పూట తీరంలో ఆకైనా కదల్లేదు.